2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలా, ఇరవై సెంట్లా? పంపకాల ముందు కాస్త చెప్పండి

కోదాడ ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పొలాల పంపకం మాట నడుస్తోంది, నెలాఖరులో పెద్దమనుషుల మధ్య కూర్చుందాం అన్నారు, ఆలోపు నాకు ఈ కొలతల సంగతి తేలాలి. మేం ఇద్దరమే, అన్నయ్య, నేను. అమ్మకు పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం కోదాడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద ఉంది, నాన్న పొలం జగ్గయ్యపేట వైపు ఉంది. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది తప్ప రెండింటికీ పెద్ద దూరం లేదు.

కోదాడ పొలం రికార్డులో విస్తీర్ణం 2.2000 అని ఉంది. జగ్గయ్యపేట పొలం అడంగల్‌లో 2.20 అని ఉంది. అన్నయ్య ఏమంటాడంటే రెండూ రెండు ఇరవయ్యే కదా, చెరొకటి తీసుకుంటే లెక్క సరిపోతుంది, మళ్లీ సర్వేయర్లు ఎందుకు అని. అన్నయ్య మోసం చేసే మనిషి కాదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు. కానీ పొలం గట్టు మీద నిలబడి చూస్తే కోదాడ పొలమే పెద్దదని నాకు ఎప్పటినుంచో అనిపిస్తోంది. అమ్మ కూడా దాన్ని రెండున్నర అనే అనేది. ఏది నిజం?

ఇంకో సంగతి, నాన్న పెట్టెలో జగ్గయ్యపేట పొలం పాత సర్వే నకలు ఒకటి దొరికింది. దాంట్లో ఒక వైపు 400, ఇంకో వైపు 550 అని రాసి ఉంది, అవి ఏ కొలతలో ఎక్కడా లేదు. అడుగులు అనుకుని గుణిస్తే ఐదెకరాలు వస్తోంది, మాకు అంత పొలం ఎప్పుడూ లేదు.

కోదాడ పొలంలో పిల్ల కాలువ అవతల ఒక చిన్న ముక్క విడిగా ఉంది, రికార్డులో 21 గుంటలు, ఆ రెండు ఇరవైలో కలిసినదే. మా అన్నయ్య కొడుకు టేపు పెట్టి కొలిచాడు. ఉత్తరం 150 అడుగులు, తూర్పు 200, దక్షిణం 70, పడమర 240. ఎదురెదురు కొలతల సగటు తీసి గుణించి 22 గుంటల పైనే ఉంది అత్తా, గుంట ఎక్కువే వచ్చింది అన్నాడు. ఇలా లెక్కగట్టడం సరైనదేనా?

ఇక ఊళ్లో ఇంటి స్థలం 36 బై 60 అడుగులు, 240 గజాలని దస్తావేజులో ఉంది. గజానికి మూడు అడుగులే కదా, 2160ని మూడుతో భాగిస్తే 720 కావాలి కదా అని మా పిల్లలు అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

———

గొలుసు లింకులు:

అమ్మా, నేను ప్రైవేటు సర్వేయర్‌ని, రెండు వైపులా పని చేస్తాను, ఇలాంటి కేసులు సరిహద్దు మండలాల్లో వస్తూనే ఉంటాయి. ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు. మీ అమ్మగారు చెప్పిందే నిజం. కోదాడ పొలం రెండున్నర ఎకరాలు. జగ్గయ్యపేట పొలం రెండెకరాల ఇరవై సెంట్లు. రెండింటికీ తేడా 30 సెంట్లు, గజాల్లో చెప్పాలంటే 1452 గజాలు. ఇది మాటల్లో సర్దుకుపోయే తేడా కాదు.

కారణం ఏంటంటే ఆ చుక్క దశాంశ బిందువు కాదు. తెలంగాణ రికార్డుల్లో చుక్కకు ఎడమ పక్క ఎకరాలు, కుడి పక్క గుంటలు. ఎకరానికి 40 గుంటలు. ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక గుంటల తర్వాత ఇంకో రెండు అంకెలు పెట్టి నాలుగు అంకెలుగా చూపించడం మొదలైంది, అందుకే మీది 2.2000 అని ఉంది, అంటే 2 ఎకరాలు, 20 గుంటలు, గుంటలో భాగం సున్నా. అదే 2.2050 అని ఉంటే ఇరవైన్నర గుంటలు. ఆంధ్ర వైపు చుక్కకు కుడి పక్క సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి అక్కడ అది మామూలు దశాంశంలాగే పనిచేస్తుంది. 1956లో రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రం అయినా నిజాం ఏలుబడిలో ఉన్న జిల్లాలు గుంటలతోనే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాలు సెంట్లతోనే రికార్డులు నడిపించాయి, 2014 తర్వాతా అంతే.

ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు, 121 గజాలు, 33 అడుగుల చదరం. ఒక సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. ఎకరం 4840 గజాలు. ఇవన్నీ ఒకదానికొకటి కచ్చితంగా సరిపోయే సంఖ్యలు, వీటిలో ఉజ్జాయింపు ఏమీ లేదు.

కాగితం చూడగానే గుంటలా సెంట్లా అని అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. గుంటల్లో రాసినప్పుడు చుక్క తర్వాత 39 దాటకూడదు, 40 అయితే ఎకరం అయిపోతుంది. కాబట్టి 2.45 అని కనిపిస్తే అది గుంటలయ్యే వీలు లేదు. కానీ 2.20, 1.05 లాంటివి రెండు రకాలుగానూ చదవచ్చు, అక్కడ పై గడిలో ఎ.గుం. అని ఉందా, ఎ.సెం. అని ఉందా చూడాలి, అదీ లేకపోతే ఏ జిల్లా కాగితమో చూడాలి.

కూడికల్లో కూడా జాగ్రత్త. 1 ఎకరం 30 గుంటలు, 1 ఎకరం 25 గుంటలు కలిపితే 3 ఎకరాల 15 గుంటలు. క్యాలిక్యులేటర్‌లో 1.30, 1.25 కొట్టి కలిపితే 2.55 అంటుంది, అలాంటి విస్తీర్ణం అసలు లేనే లేదు. ఎక్సెల్‌లో ఇంకో ప్రమాదం ఉంది, 2.20 అని కొడితే అది చివరి సున్నా తీసేసి 2.2 అని చూపిస్తుంది, దాన్ని చూసి ఇంకొకరు రెండెకరాల రెండు గుంటలని ఎక్కించేస్తారు. నేను ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెడతాను, రెండూ ఒకే గడిలో ఎప్పుడూ రాయను.

మీ పాత నకలులో ఉన్న 400, 550 అడుగులు కాదు, లింకులు. పాత ఎఫ్‌ఎంబీలన్నీ, అంటే సర్వే కొలతల పుస్తకాలన్నీ, గొలుసు కొలతల్లోనే ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే ఆయన 1620 ప్రాంతంలో పెట్టిన కొలత, బ్రిటిష్ సర్వేలతో మన దగ్గరికి వచ్చింది. దాంట్లో ఎంత సుఖం ఉందో చూడండి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. 400ను 550తో గుణిస్తే 2,20,000, చివరి మూడు సున్నాలు తీసేస్తే 220 సెంట్లు. అంటే 2 ఎకరాల 20 సెంట్లు, మీ అడంగల్‌తో కచ్చితంగా సరిపోయింది. మీ నాన్నగారి కాగితం బంగారంలాంటి సాక్ష్యం, లామినేషన్ చేయించకుండా, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచండి.

కొత్త నకళ్లలో మీటర్లు ఉంటాయి. కాబట్టి కొలత పేరు లేని పటం చేతికొస్తే గుణించి, రికార్డులో ఉన్న విస్తీర్ణంతో పోల్చండి. మీదే తీసుకుంటే అడుగులైతే 5 ఎకరాల 5 సెంట్లు, మీటర్లైతే 54 ఎకరాలు, లింకులైతే 2.20. ఏది సరైనదో అదే చెబుతుంది.

———

లెక్కల మాస్టారు:

పై సోదరుడు బాగా చెప్పారు. ఆ కాలువ అవతలి ముక్క సంగతి, ఇంటి స్థలం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ రెండూ బడిలో పిల్లలు కూడా రోజూ తడబడే చోట్లే.

ముందు చిన్నది. గజం పొడవు 3 అడుగులు. కానీ ఇంటి స్థలం విషయంలో మనం గజాలు అన్నప్పుడు అవి చదరపు గజాలు. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న చదరం గీసి, దాంట్లో అడుగు చదరాలు గీయండి, తొమ్మిది వస్తాయి. అందుకే 2160ని 9తో భాగించాలి, 240 వస్తుంది, దస్తావేజు సరిగ్గానే ఉంది. మీ పిల్లలతో కాగితం మీద ఆ చదరం గీయించండి, జీవితంలో మర్చిపోరు. పొడవును మార్చే సంఖ్య ఏదైనా సరే వైశాల్యం దగ్గరికి వచ్చేసరికి దాన్ని దానితోనే గుణించాలి. మీటరుకు 3.28 అడుగులు, చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. పొరపాటున 3.28తో భాగించేసిన ప్లాట్ల లెక్కలు నేను చాలా చూశాను.

ఇక ఆ ముక్క. ఉత్తరం 150, దక్షిణం 70, సగటు 110. తూర్పు 200, పడమర 240, సగటు 220. గుణిస్తే 24,200 చదరపు అడుగులు, గుంటకు 33 × 33 = 1089 చదరపు అడుగులు కాబట్టి 1089తో భాగిస్తే 22.2 గుంటలు. మీ మేనల్లుడి గుణకారంలో తప్పు లేదు, పద్ధతిలోనే ఉంది. మన ఊళ్లలో తరతరాలుగా ఇలాగే కడుతున్నారు, చాలా దస్తావేజుల్లోనూ ఇదే లెక్క ఉంటుంది. కానీ ఈ పద్ధతి ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించడం జరగదు. నాలుగు మూలలూ సరిగ్గా లంబంగా ఉన్న దీర్ఘచతురస్రం అయితేనే అసలు విస్తీర్ణంతో సమానం అవుతుంది. మూలలు ఎంత వాలితే అంత ఎక్కువ చూపిస్తుంది. అమ్మేవాళ్లకు ఇది లాభం, కొనేవాళ్లకు నష్టం, పంపకాల్లో అయితే వంకర ముక్క తీసుకున్నవాళ్లకు నష్టం.

ఇది మనకు కొత్తగా తెలిసిన విషయం కూడా కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ సగటు పద్ధతిని స్థూల ఫలంగానే, అంటే ఉజ్జాయింపుగానే చెప్పి, వెంటనే సూక్ష్మ ఫలానికి, అంటే కచ్చితమైన విస్తీర్ణానికి ఇంకో సూత్రం ఇచ్చాడు. నాలుగు భుజాలు కలిపి సగం చేసి, ఆ సగంలోంచి ఒక్కో భుజాన్ని తీసేసి, వచ్చిన నాలుగు సంఖ్యల్నీ గుణించి వర్గమూలం తీయాలి. మీ కొలతలకు సగం 330. దాంట్లోంచి భుజాలు తీసేస్తే 180, 130, 260, 90. గుణించి వర్గమూలం తీస్తే సరిగ్గా 23,400 చదరపు అడుగులు, అంటే సుమారు 21.5 గుంటలు. అయితే ఆ నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడినప్పుడే ఇది అసలు విస్తీర్ణం, మిగతా ఏ ఆకారమైనా ఇంతకంటే తక్కువే. అంటే ఆ నాలుగు భుజాలతో ఎంత వెడల్పుగా విప్పి పెట్టినా 21.5 గుంటలు దాటే వీలే లేదు. 22.2 గుంటలు ఆ కొలతలతో భూమ్మీద సాధ్యం కాని విస్తీర్ణం.

నాలుగు వైపులా కొలిచినంత మాత్రాన విస్తీర్ణం తేలదు, ఇది ముఖ్యం. అవే నాలుగు భుజాలను అటూ ఇటూ వాలిస్తే ఆకారం మారుతుంది, విస్తీర్ణం మారుతుంది. ఒక కర్ణం కావాలి. వాయవ్య మూల నుంచి ఆగ్నేయ మూలకు టేపు పట్టి కొలవండి, అప్పుడు ముక్క రెండు త్రిభుజాలు అవుతుంది, త్రిభుజానికి మూడు భుజాలు తెలిస్తే విస్తీర్ణం ఒకటే వస్తుంది, వేరేది రాదు. ఆ కర్ణం 250 అడుగులు అయితే 21.5 గుంటలు. అదే 220 అడుగులే ఉంటే 20.4 గుంటలకు పడిపోతుంది. కొలిచి ఇక్కడ రాయండి, నేను లెక్కగట్టి పెడతాను.

———

అంకణం లెక్క:

మాది నెల్లూరు. గుంటలు, సెంట్లతోనే ఇంత గందరగోళం ఉంటే మా దగ్గర ఇళ్ల స్థలాలకు అంకణాలు ఉన్నాయి. మా వైపు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. అక్కగారి 240 గజాల స్థలం మా ఊళ్లో అయితే 30 అంకణాలు. తిరుపతి వైపు వెళ్తే అంకణం 36 చదరపు అడుగులే, అక్కడ అదే స్థలం 60 అంకణాలు. మా బంధువులు ఒకాయన అటు స్థలం చూసి అంకణం రేటు వినగానే సగానికి సగం చవక అని సంబరపడ్డారు, గజాల్లోకి మార్చి చూస్తే మా ఊరి రేటే. అందుకని నేను ఏ స్థలం చూసినా ముందు గజం ఎంతపడుతోంది అని అడుగుతాను, అంకణాల బేరం తర్వాత.

దస్తావేజులో మాత్రం అంకణాలు ఒక్కటే రాయించకండి, పక్కన చదరపు గజాలు, చదరపు మీటర్లు కూడా రాయించండి.

———

హోసూరు వాసి:

మేం హోసూరు దగ్గర తెలుగువాళ్లం, తమిళనాడు పట్టాల్లో ఇంకో రకం ఉంటుంది, అది కూడా తెలుసుకుంటే ఎవరికైనా పనికొస్తుంది. ఇక్కడ ప్రభుత్వ పట్టాలో హెక్టార్లు, ఏర్లు ఉంటాయి, నోటి మాటలో మాత్రం ఎకరాలు, సెంట్లే. ఏర్ అంటే 100 చదరపు మీటర్లు, హెక్టారుకు 100 ఏర్లు. పట్టాలో 0-89.00 అని ఉంటే అది 89 ఏర్లు, సుమారుగా మీ జగ్గయ్యపేట పొలమంత, 2 ఎకరాల 20 సెంట్లు. మా దగ్గర్నుంచి కొంచెం దూరం వెళ్తే కర్ణాటక, అక్కడ మళ్లీ తెలంగాణలాగే గుంటలు, గుంటకు 16 అణాలు. ఒకే కుటుంబానికి మూడు వైపులా పొలాలు ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది.

హెక్టారుకు 2.471 ఎకరాలు. చాలామంది రెండున్నర అనేస్తారు, నోటి లెక్కకు పర్లేదు కానీ కాగితం మీద వద్దు. అక్కా, మీ కోదాడ పొలమే తీసుకోండి, సరిగ్గా రెండున్నర ఎకరాలంటే 1.0117 హెక్టార్లు. ఒక హెక్టారు లోపు ఉన్నవాళ్లనే సన్నకారు రైతు అంటారు, ఫారంలో హెక్టార్లు కచ్చితంగా రాస్తే ఆ పొలం ఒక్కటే ఉన్న రైతు కూడా గీత దాటేస్తాడు, రెండున్నర ఎకరాలను ఒక హెక్టారుగా పట్టుకునే చోట దాటడు. ఫారం నింపేటప్పుడు వాళ్లు ఏది పట్టుకుంటున్నారో అడగండి.

ఎరువుల మోతాదులు కూడా అంతే. పుస్తకాల్లో హెక్టారుకు ఇన్ని కిలోలు అని ఉంటే దాన్ని ఎకరానికి వేసేయకండి, పైరు దెబ్బతింటుంది.

———

కోదాడ ఆడపడుచు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మాస్టారు గారూ, నిన్న సాయంత్రం మేనల్లుడూ నేనూ వెళ్లి కర్ణం కొలిచాం, గట్టు మీద తుమ్మ మొక్కలు ఉంటే కొట్టించి టేపు బిగించి పట్టాం, 230 అడుగులు వచ్చింది. వాడే ఫోన్‌లో లెక్క వేస్తానన్నాడు కానీ మీ నోటితో వింటే నాకు ధైర్యం.

అన్నయ్యకు ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. ముందు నమ్మలేదు, తర్వాత అమ్మ రెండున్నర అనేది గుర్తుందా అని అడిగితే కాసేపు ఆగి సరే సమానంగానే చేద్దాం అన్నాడు. ఆయనకు జగ్గయ్యపేట పొలం ఉంచుకోవాలని ఉంది, నాకు కోదాడది. తేడా ఎలా సర్దాలి? దస్తావేజులో ఎలా రాయించాలి?

———

లెక్కల మాస్టారు:

230 అయితే ఉత్తరం, తూర్పు భుజాలతో ఉన్న త్రిభుజం 14,807 చదరపు అడుగులు, దక్షిణం, పడమర భుజాలతో ఉన్నది 8,050. కలిపితే 22,857, గుంటల్లో 20.99. మీ రికార్డులో 21 గుంటలు సరిగ్గా ఉంది తల్లీ, ఎక్కువా లేదు, తక్కువా లేదు. పాతవాళ్లు కర్ణం పట్టే కొలిచారు. మీ మేనల్లుడిని కూడా ఆ రెండు త్రిభుజాలూ స్వయంగా లెక్కగట్టమనండి, ఇప్పుడు వాడికి ఆసక్తి పుట్టింది కాబట్టి ఇదే సమయం.

———

గొలుసు లింకులు:

పంపకం లెక్క ఇలా పెట్టుకోండి అమ్మా. గుంటలూ సెంట్లూ కలిపి చూడకుండా అన్నీ సెంట్లలోకి మార్చండి. కోదాడ 250, జగ్గయ్యపేట 220, మొత్తం 470 సెంట్లు, చెరి 235. మీ అన్నగారికి జగ్గయ్యపేట పొలం మొత్తం వెళ్తే ఇంకా 15 సెంట్లు రావాలి, అవి కోదాడ పొలంలోంచి ఇవ్వాలి. కోదాడ కాగితంలో 15 సెంట్లు అని రాయకూడదు, 6 గుంటలు అని రాయాలి. మీకు 2 ఎకరాల 14 గుంటలు మిగులుతుంది. 14కి 6 కలిపితే 20, రికార్డుతో సరిపోయింది. ఆరు గుంటలకు విడిగా సబ్‌డివిజన్ చేయించడం తలనొప్పి అనుకుంటే ఆ 726 గజాల విలువ డబ్బుగా ఇచ్చుకోవచ్చు, అది మీ ఇద్దరి ఇష్టం. ఇది విస్తీర్ణం లెక్క మాత్రమే సుమా, కాలువ నీరు, రోడ్డు వసతి, రెండు చోట్లా ఎకరం రేటు వేరుగా ఉంటే విలువ లెక్క వేరే కూర్చుని మాట్లాడుకోవాలి.

మీటర్లలోకి మార్చే పని ఎవరికైనా అప్పగిస్తే ఎకరానికి 4046.86 చదరపు మీటర్లు పట్టుకోమనండి. ఉజ్జాయింపుగా 4000 అనేస్తే మీ 470 సెంట్ల మీద 220 చదరపు మీటర్లు కాగితంలోంచి మాయం అవుతాయి, అవి 263 గజాలు, మీ ఇంటి స్థలం కంటే ఎక్కువ. ఇంకోటి, మధ్యలో ఎక్కడా సవరించకండి, గజాల్లోకి మార్చి గుండ్రం చేసి, దాన్ని మళ్లీ మీటర్లలోకి మార్చి మళ్లీ గుండ్రం చేస్తే చివరికి ఏ రెండు కాగితాలూ కలవవు. సెంట్ల దగ్గర్నుంచి నేరుగా ఒకసారే మార్చాలి.

రాతలో అంకెలతో పాటు అక్షరాల్లో కూడా ఉండాలి. మీ వాటాకు "ఎ. 2-14 గుం., అక్షరాలా రెండు ఎకరముల పద్నాలుగు గుంటలు" అని, చుక్క బదులు అడ్డగీత పెట్టించండి. జగ్గయ్యపేట దానికి "ఎ. 2-20 సెం., అక్షరాలా రెండు ఎకరముల ఇరవై సెంట్లు" అని. చెక్కుబందీలో నాలుగు హద్దుల కొలతలతో పాటు ఒక కర్ణం కొలత కూడా వేయించండి, పటం గీసినప్పుడు ప్రతి గీత పక్కనా అడుగులో, మీటర్లో, లింకులో పేరు ఉండాలి. రాసేవాళ్లు ఇంత ఎందుకండీ అంటారు, మీరు పట్టుబట్టండి, నాన్నగారి పెట్టెలో దొరికిన కాగితం మీద ఆ ఒక్క మాట ఉండి ఉంటే మీకు ఇన్నాళ్లు ఈ అనుమానం ఉండేది కాదు.

భూములు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి కాబట్టి ఒకే దస్తావేజా, రెండా, ఎక్కడ రిజిస్టర్ చేయించాలి అన్నది కూర్చునే ముందే లాయర్‌ను అడగండి. కోదాడ వైపు ఆరు గుంటలు కోసేటప్పుడు ఆ కాలువ అవతలి ముక్కలోంచి తీయకండి, అది ఇప్పటికే చిన్నది, వంకర. రోడ్డు వైపు దీర్ఘచతురస్రంగా ఉన్న చోట 66 అడుగుల వెడల్పు, 99 అడుగుల పొడవు తీస్తే సరిగ్గా ఆరు గుంటలు, హద్దు రాళ్లు పాతడం కూడా తేలిక.